వెలుతురున్న వంటగదికి తెలుపే మేలా?
వెలుతురు ధారాళంగా వచ్చే వంటగదికి తెల్లటి తెలుపే మేలని ఒక వ్యాసంలో చదివాను, ఆ మాట ఒప్పుకోలేను. ఆగ్నేయంలో తూర్పు కిటికీ ఉంటే పొద్దుటెండ నేరుగా గోడను తాకుతుంది. అక్కడ పాలతెలుపు వేస్తే పొయ్యి దగ్గర నిలబడేవాళ్లకు కళ్లు జిగేల్‌మంటాయి. చాలా కంపెనీలు షేడ్‌కు ఎల్ఆర్‌వీ అనే అంకె ఇస్తాయి; అది 100కి దగ్గరయ్యేకొద్దీ గోడ అంత వెలుగును తిప్పికొడుతుంది. ఇలాంటి గదికి 60-70 మధ్య ఉన్న లేత బూడిద, లేత ఆకుపచ్చ హాయిగా ఉంటాయి. షేడ్ కార్డు చూసి మాత్రం తేల్చేయొద్దు. శాంపిల్ డబ్బా తెచ్చి, కిటికీ ఉన్న గోడ మీద ఒకచోట, దాని ఎదురు గోడ మీద ఇంకోచోట రెండడుగుల చదరం మేర రెండు కోట్లు వేయండి. పూర్తిగా ఆరాక పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు కింద చూడండి. కిటికీ గోడ మీద అదే రంగు ముదురుగా కనిపిస్తుంది. కింద ఎర్ర టైల్స్ ఉంటే గోడ అడుగుభాగం ఎర్రజీర కొడుతుంది కూడా. ఇక ఫినిష్, అంటే ఆరాక రంగు ఎంత మెరుస్తుందన్న సంగతి ఆ వ్యాసంలో అసలు రాలేదు, అదే పెద్ద లోటు. గ్లాసీ వేస్తే పక్కనుంచి పడే ఎండలో లప్పం ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి, మామూలు మ్యాట్ అయితే తాలింపు నూనె మరక తుడిచినా పోదు. రెంటికీ మధ్యస్థంగా మెరిసే శాటిన్ తీసుకోండి.