ఆది ఎవరిది?

పోయిన ఆదివారం కాదు, అంతకు ముందరి ఆదివారం, నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఉన్న ఒక పెద్ద బట్టల షాపులో, మీసాలు ఇంకా సరిగా మొలవని ఒక అబ్బాయి నన్ను పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూశాడు. రెండో చూపు తొందరగానే అయిపోయింది, నా పొడవు అంతే. చూసి, "కిడ్స్ సెక్షన్ సెకండ్ ఫ్లోర్ మేడం" అన్నాడు. నాకు నలభై రెండేళ్లు. ఇంటర్ చదివే నా కొడుకు పక్కనే ఉన్నాడు. వాడు నవ్వు ఆపుకోలేక బెల్టుల స్టాండు వైపు తిరిగి, బెల్టులంటే ఎంతో ఇష్టమున్నవాడిలా నిలబడ్డాడు.

నేను వెళ్లాను. అవును, రెండో అంతస్తుకు వెళ్లాను. రెండు నెలలుగా ఒక్క జీన్స్ ప్యాంటు కోసం తిరుగుతున్న మనిషికి రోషం మిగలదు. అక్కడ పదకొండేళ్ల పిల్లల సైజు ఒకటి నా నడుముకు సరిగ్గా వచ్చింది. తుంటి దగ్గర ఆగిపోయింది. పదకొండేళ్ల పిల్లకూ, ఇద్దర్ని కన్న ఆడదానికీ మధ్య తుంటి విషయంలో కొంత అభిప్రాయభేదం ఉంటుందని ఆ కంపెనీకి ఎవరూ చెప్పినట్టు లేదు. పైగా వెనక జేబు మీద మెరిసే పూసలతో రెక్కల గుర్రం. నేను లెక్కల టీచర్ని. స్కూలుకు చీరే కడతాను, జీన్స్ సెలవురోజుకే. కానీ సెలవురోజు కూరగాయల మార్కెట్లో వెనకనుంచి టెన్త్ పిల్లలు చూస్తే, ఆ రెక్కల గుర్రం తర్వాత పైథాగరస్ సిద్ధాంతాన్ని వాళ్లు నా నోటినుంచి నమ్ముతారా?

విషయం ఏమిటంటే నేను 71 కిలోల నుంచి 53 కిలోలకు వచ్చాను. ఏడాదిన్నర పట్టింది. థైరాయిడ్ మాత్ర, రాత్రిపూట జొన్నరొట్టె, పొద్దున ఐదింటికి ఎన్జీ కాలేజీ గ్రౌండులో నడక. అంతకుమించి రహస్యం లేదు, ఎవరూ అడగొద్దు. 71లో ఉన్నప్పుడు షాపుకు పోతే, నేను నోరు తెరవకముందే "మీ సైజు రాదు మేడం" అనేవాళ్లు. ఇప్పుడు కూడా "మీ సైజు రాదు మేడం" అంటున్నారు. 18 కిలోలు పోయాయి, ఆ వాక్యంలో ఒక్క అక్షరం పోలేదు.

ట్రయల్ రూము గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా జీవితంలో ఈ మధ్య ఎక్కువ సమయం అక్కడే గడిచింది. అది మా ఇంట్లో బీరువా కంటే కొంచెం చిన్నది. గొళ్లెం ఉంది, పడదు. కాబట్టి ఎడమకాలితో తలుపును తన్నిపట్టి కుడికాలు ప్యాంటులో పెట్టాలి. పెట్టాను. కాలు పోతూనే ఉంది. ఎంతసేపటికీ అవతల వెలుతురు కనబడలేదు. నా కాలి లోపలి పొడవు 25 అంగుళాలు, ఆ ప్యాంటుది 31. పాదం ఎక్కడో దారిలో ఉండగానే ఆరంగుళాల గుడ్డ ముందుకు పోయి నేలమీద పడుకుంది. రెండో కాలు కూడా పెడదామంటే తలుపును పట్టేవాళ్లు లేరు. "ఒరేయ్, తలుపు పట్టుకోరా" అని కొడుకుని పిలిచాను. వాడు వీపు ఆనించి నిలబడ్డాడు. రెండు పాదాలూ మాయమయ్యాక, ఆగస్టు పదిహేను నాడు గోనెసంచి పరుగుపందెంలో మా ఆరోతరగతి పిల్లలు గెంతుతారు చూడండి, అలా గెంతి అద్దం వైపు తిరిగాను. జిప్పు పైకి లాగితే అదీ పోతూనే ఉంది. హై రైజ్ అంటే బొడ్డు దాకా అట. నాకు పక్కటెముకల దాకా వచ్చింది. ఇంకో రెండంగుళాలుంటే జాకెట్టు ఖర్చు మిగిలేది. ఇక సీటు మాత్రం తొడల మధ్య ఎక్కడో వేలాడుతోంది, ఖాళీ కూరగాయల సంచిలా.

నడుము వెనక ఖాళీ సంగతి వేరే. మా పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడమీద పడే నీడ పగలంతా కదలదు, సూర్యుడు ఎటు తిరిగినా సరే. నా వీపుకూ జీన్స్ నడుముపట్టీకీ మధ్య ఖాళీ కూడా అంతే. వంగినా ఉంది, లేచినా ఉంది, కూర్చుంటే ఇంకా స్పష్టంగా ఉంది. గుడి కట్టినవాళ్ల నైపుణ్యాన్ని చూడటానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. ఈ ఖాళీ కట్టినవాళ్లను ఎవరూ సన్మానించడం లేదు.

ఆ నడుమును ఒక చేత్తో బిగించి పట్టుకుని బయటికొస్తే ఆ అబ్బాయి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "సూపర్ సెట్టయింది మేడం" అన్నాడు.

"లూజుంది కదా బాబూ."

"ఒక్క వాష్ పడితే టైటయితది మేడం."

అంతకు ముందు వేసుకున్నది టైటుగా ఉందంటే ఇదే అబ్బాయి, "రెండుసార్లేస్తే లూజయితది మేడం" అన్నాడు. రెండూ ఒకే రకం గుడ్డ. రెండింటి లోపలా ఒకే చీటీ: 98 శాతం కాటన్, 2 శాతం ఎలాస్టేన్ అనే సాగే దారం. లూజుది టైటవుతుంది, టైటుది లూజవుతుంది, అంటే రెండూ కొనుక్కుని ఒకే బకెట్లో నానబెడితే మధ్యలో ఎక్కడో కలుసుకుంటాయి కాబోలు. ఉతికితే గుడ్డ దగ్గరపడకుండా ముందే కుదించే పద్ధతిని 1930ల నాటికే కనిపెట్టేశారు. ఆ వార్త నల్లగొండ చేరలేదు. చేరినా సేల్స్ కౌంటర్ దాకా రానివ్వరు.

నేను ఊరుకోలేదు. బ్యాగులోంచి టేపు తీశాను. 28 అని రాసి ఉన్న మూడు ప్యాంట్లను కౌంటరు మీద పరిచి నడుములు కొలిచాను. ఒకటి 29, ఒకటి 30న్నర, ఒకటి 31. 28 మాత్రం ఒక్కటీ కాదు. కొనేవాళ్లు "అబ్బ, నేను సన్నబడ్డాను" అని మురిసిపోవడానికి చీటీ మీద అంకె తగ్గించి రాయడం ఈ వ్యాపారంలో పాత అలవాటే. నా క్లాసులో ఏ పిల్లవాడైనా 31 కొలిచి 28 అని రాస్తే సున్నా వేస్తాను. వీళ్లు దానికి పదిహేను వందలు వేస్తున్నారు.

ముందు జేబు కూడా చూశాను. సుద్దముక్క పట్టదు. ఇంకో ప్యాంటుకైతే జేబే లేదు, జేబున్నట్టు కుట్టు మాత్రం ఉంది. కొడుకు ప్యాంటు జేబులో మాత్రం వాడి ఫోను, నా ఫోను, స్కూటీ తాళం, చిల్లర అన్నీ పట్టాయి. వదిలేయండి, జేబుల గురించి మొదలుపెడితే ఈ వ్యాసం ఆగదు.

"పొడవు కట్ చేయించుకోండి మేడం, గదేం ప్రాబ్లం" అంటారు అందరూ. చేయించుకున్నాను, రెండు ప్యాంట్లు. పొడవు కత్తిరిస్తే కింద తగ్గుతుంది గానీ మోకాలు పైకి రాదు. వాళ్లు మోకాలి దగ్గర తెల్లగా గీకి పెట్టిన మెరుపు నాకు పిక్కల మీద పడింది, దూరంనుంచి చూసేవాళ్లకు నాకు మోకాళ్లు జారిపోయినట్టు ఉంటుంది. బూట్‌కట్‌లో కింద విచ్చుకునే భాగమే కదా అందం, ఆ అందమంతా కత్తెర కిందపడి చెత్తబుట్టలోకి పోయింది. నడుము తగ్గించమంటే వెనక మధ్యకుట్టు లోపలికి పట్టారు. అప్పుడు వెనక జేబులు రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని, పెళ్లిలో అక్షింతలకు ముందు వధూవరుల్లా తలలు దగ్గర పెట్టుకున్నాయి.

నాకు అర్థంకానిది ఒక్కటే. ఊళ్లో ఏ లేడీస్ టైలర్ దగ్గరికి పోయినా మొదటి ప్రశ్న "ఆది తెచ్చినవా అక్కా?" మన ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఒకటి ఇస్తే దాన్ని చూసి కొత్తది కుడుతుంది. పైగా లోపల రెండు మూడు వరుసల కుట్లు వదిలిపెడుతుంది, లావైతే విప్పుకోవడానికి, సన్నబడితే పట్టించుకోవడానికి. మనిషి ఒళ్లు ఒకేలా ఉండదని ఏడో తరగతిలో చదువు మానేసిన మా వీధి టైలరమ్మకు తెలుసు. చీరకు అదికూడా అక్కర్లేదు. నా నారాయణపేట చీర 71 కిలోలప్పుడు ఏమీ అడగలేదు, 53 కిలోలప్పుడు రెండు కుచ్చిళ్లు ఎక్కువ ఇచ్చి ఊరుకుంది. మరి ఈ జీన్స్‌కు ఆది ఎవరిచ్చారు? ఎవరో ఐదడుగుల ఆరంగుళాల అమ్మాయి ఇచ్చి ఉంటుంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె ఆదితో నాకు కుట్టినవాళ్ల మీద ఉంది.

విదేశీ కంపెనీల్లో పొట్టివాళ్లకు "పెటీట్" అని వేరే వరస ఉంటుంది. ఐదడుగుల నాలుగంగుళాల లోపు ఉంటే ఆ వరసలోకే. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు 152 సెంటీమీటర్లు, అంటే ఐదడుగులు. అంటే ఈ దేశంలో సగటు ఆడమనిషే స్పెషల్ సైజు! బజారుకు వచ్చేవాళ్లలో ఎక్కువమందికి సరిపోని కొలతను "రెగ్యులర్" అని, ఎక్కువమంది ఉన్న కొలతను "రాదు మేడం" అని పిలిచే లెక్క నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మన సొంత సైజులు తయారుచేద్దామని నిఫ్ట్ అనే ఫ్యాషన్ కాలేజీ వాళ్లు ఆరు నగరాల్లో 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే పని పెట్టుకున్నారు. హైదరాబాద్ కూడా ఆ ఆరింటిలో ఉంది. గడియారం సెంటర్లో మాత్రం ఇప్పటికీ స్కానర్ ఆ మీసాల్లేని అబ్బాయి కళ్లే.

ఇక్కడ నాకు నవ్వు రావట్లేదు. 71 కిలోలున్నప్పుడు ఒక ఫంక్షన్లో అందరి ముందూ "ఎన్నో నెల?" అని అడిగింది ఒకామె. నాకప్పుడు ముప్పై తొమ్మిది, గొంతులో థైరాయిడ్. ఇప్పుడు అదే ఆమె, "ఏందే గిట్ల గుంజుకపోయినవ్, షుగరా? ఏమన్న దాస్తున్నవా?" అంటోంది. దాయడానికి జేబైనా ఉందా నాకు! చీకట్లో లేచి నడిచింది నేను, మోకాళ్లు నొప్పి పుట్టింది నాకు. ఎవరి ముందో నిలబడి లావైనందుకు ఒకసారి, సన్నబడ్డందుకు ఒకసారి సంజాయిషీ ఇచ్చుకునేదీ నేనే. చివరికి ట్రయల్ రూములో కూడా తప్పు నా ఒంటిదేనట. ప్యాంటుది ఎప్పుడూ తప్పు కాదు. "మీ నడుముకు ఈ మోడల్ సూట్ కాదు మేడం" అంటాడు గానీ "ఈ మోడల్‌కు నడుము కుట్టడం రాదు మేడం" అని ఒక్కడూ అనడు. ఇరవై ఏళ్లుగా ఈ మాట పడుతున్నాను. ఇంక పడను.

1873 మే 20న అమెరికాలో జేకబ్ డేవిస్, లెవీ స్ట్రాస్ ఇద్దరికీ ఈ ప్యాంటు మీద పేటెంట్ వచ్చింది, చిరగకుండా జేబుల మూలల్లో రివెట్లనే చిన్న లోహపు మేకులు కొట్టినందుకు. ఆ డేవిస్ మరెవరో కాదు, రీనో ఊళ్లో ఒక టైలరు. ఒకామె వచ్చి, కట్టెలు కొట్టే తన భర్తకు చిరగని ప్యాంటు కుట్టిపెట్టమంటే కుట్టాడు. ఒక్క మనిషికి, ఆ మనిషి కోసం. అక్కడ మొదలైన బట్ట ఇప్పుడు నన్ను రెండో అంతస్తుకు పంపుతోంది.

మర్నాడు స్కూలు అయ్యాక ప్రకాశం బజారులో మీటరున్నర జీన్ గుడ్డ కొని, పక్కసందులో ఒక పాత టైలర్ దగ్గరికి పోయాను. కళ్లద్దాల మీదినుంచి చూశాడు.

"ఆది తెచ్చినవా బేటీ?"

"ఆది ఉంటే నీ దాకా ఎందుకొస్తా చాచా."

ఆయన లోపల్నుంచి కోడల్ని పిలిచాడు. ఆమె టేపు పట్టింది. ఆయన అటు గోడవైపు తిరిగి, ఆమె చెప్పిన అంకెలు పాత క్యాలెండర్ వెనక రాసుకున్నాడు. నడుము ఇరవై ఆరున్నర, సీటు ముప్పై ఆరు, పొడవు ముప్పై ఐదు. సన్నబడ్డావనలేదు, పొట్టిదానివనలేదు. "జేబులు ఎంత లోతు బేటీ?" అని మాత్రం అడిగాడు. చెయ్యి మణికట్టు దాకా పోవాలన్నాను. రాసుకున్నాడు. శనివారం తీస్కపొమ్మన్నాడు.

ఇవ్వాళ గురువారం. ఇప్పుడే పోయి వచ్చాను. కాజా ఒక్కటే మిగిలిందట, రేపు రమ్మన్నాడు.