ఇళ్లు లేని ఊళ్లు కట్టిన మహానుభావుడు

నల్లగొండ జిల్లా చరిత్ర రాసిన పెద్దలందరూ ఒక మనిషికి తీరని అన్యాయం చేశారు. పానగల్లు పచ్చల సోమేశ్వరుడి దగ్గర మొదలుపెట్టి, సాయుధ పోరాటం మీదుగా నడిచి, పోచంపల్లి భూదానం దగ్గర కలం మూసేశారు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చారని రాసి, ఇక ఈ జిల్లాలో భూమి కథ ముగిసిందన్నట్టు చేతులు దులుపుకున్నారు. ఆ తర్వాత భూమిని దానం పట్టే కాలం పోయి బయానా, అంటే అడ్వాన్సు కట్టే కాలం వచ్చింది. చేన్లను ప్లాట్లు చేసి అమ్మిన ఆ యుగకర్త గురించి ఇంతవరకూ ఒక్క పేజీ లేదు. ఆ లోటు కొంతైనా పూడ్చాలని ఈ ప్రయత్నం.

ఆయన పేరు రాయడం లేదు. అవసరమూ లేదు. చిట్యాల నుంచి నకిరేకల్ దాకా, షాద్‌నగర్ నుంచి కొత్తకోట దాకా రోడ్డు పక్కన ఏ ఫ్లెక్సీ చూసినా తెల్లచొక్కా, మెడలో గొలుసు, జోడించిన చేతులతో నవ్వుతూ కనిపించేది ఆయనే. ఫ్లెక్సీకో మొహం మారుతుందంతే. జనం సారు అంటారు, మనమూ సారు అనే అందాం.

సారు పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా. బస్టాండు ఎదుట హోటల్‌లో చాయ్ తాగుతూ, పక్క బల్ల మీద ఇద్దరు మాట్లాడుకుంటున్న భూమి బేరం విని, లేచేసరికి ఆ బేరంలో మూడో మనిషయ్యాడు. అటు ఒక శాతం, ఇటు ఒక శాతం. పెట్టుబడి ఒక పాత బండి, ఒక నోరు. తర్వాత ఎల్ఐసీ ఏజెంటును, ప్రైవేటు స్కూలు సారును, ఆర్ఎంపీ డాక్టరును కలుపుకొని ఒక కంపెనీ అయ్యాడు. డాక్టరు నాడి పట్టుకుని, దగ్గు గురించి అడుగుతూ అడుగుతూ, "అవునుగానీ మామా, రిటైర్మెంటు పైసలొచ్చినయా?" అని అడిగే వైద్యవిధానం అప్పుడే పుట్టింది.

2016 అక్టోబర్ 11 సారు జీవితంలో పండగ రోజు. ఆ రోజు పాత నల్లగొండ మూడు జిల్లాలైంది, పాత మహబూబ్‌నగర్ నాలుగైంది. ప్రభుత్వం పరిపాలన ప్రజల ముంగిట్లోకి అంది. సారు ఆ ముంగిట్లోనే హద్దు కడీలు పాతాడు. ప్రతి కొత్త జిల్లాకూ ఒక కలెక్టరేట్, ప్రతి కలెక్టరేట్‌కూ కూతవేటు దూరంలో ఒక వెంచర్. ఆ కూత ఎవరు వేయాలో, ఎంత గట్టిగా వేయాలో బ్రోచర్‌లో రాయలేదు. 2019లో నారాయణపేట కూడా జిల్లా అయ్యేసరికి సారు పూర్తిగా వికేంద్రీకరణవాది అయిపోయాడు.

ఆయన ఆర్థికశాస్త్రానికి చేసిన సేవ వేరే చెప్పుకోవాలి. రైతు ఎకరాల్లో అమ్ముతాడు, సారు గజాల్లో అమ్ముతాడు. సిద్ధాంతం మొత్తం ఇంతే. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, వెరసి 4840 గజాలు. రోడ్లకూ పార్కుకూ పోను సుమారు సగం మిగులుతుంది. రైతుకు ఎకరానికి 40 లక్షలు ఇచ్చాడనుకుందాం. మిగిలిన 2400 గజాలు గజం 5 వేల చొప్పున అమ్మితే కోటీ 20 లక్షలు. మధ్యలో పడ్డ శ్రమల్లా మొరం చల్లడం, రాళ్లకు సున్నం వేయడం, గేటు దగ్గర ఒక ఆర్చి కట్టడం. రోడ్లకూ పార్కుకూ పూర్తిగా వదిలితేనే ఈ లెక్క. వదలకపోతే ఎంతో, సారు ఎవరికీ చెప్పలేదు.

భూమి కొనేటప్పుడు ఆయన మాటతీరు వినాల్సిందే. పాలమూరు పక్క ఒక ఊళ్లో, ఎండిన బోరు పక్కన జరిగిన సంభాషణ ఇది.

"ఏం పెద్దయ్యా, మూడెకరాల చెల్కల ఏమేసినవ్?"

"పత్తి ఏసిన సారూ. బోరు వట్టిపోయింది."

"పత్తి ఏసి అప్పుల పాలైతందుకా? రాళ్లు ఏద్దాం. నీళ్లద్దు, యూరియా అద్దు, లైన్ల నిలవడుడు అసలే అద్దు."

పెద్దయ్య కాసేపు చెల్క దిక్కు చూసి అడిగాడు. "రాళ్లకు పురుగు వడదా?"

"వడదు. వడ్డా కొన్నోళ్లకు వడ్తది."

ఈ రాళ్ల సేద్యాన్ని సర్కారు కూడా కొన్నేళ్లు ఆదరించింది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు, కాగితాల్లో ఇంకా వ్యవసాయ భూమిగానే ఉన్న వెంచర్లకూ పెట్టుబడి సాయం పడింది. తెల్లసున్నం కూడా పెట్టుబడే కదా. 2025 జనవరిలో రైతు భరోసా వచ్చి, రియల్ ఎస్టేట్ భూములకు సాయం లేదని చెప్పేసరికి సారులోని రైతు నిజంగానే నొచ్చుకున్నాడు. రైతుల గోడు పట్టించుకునే నాథుడే లేడని అన్నాడట, ఫార్చ్యూనర్ అద్దం దించి మరీ.

దూరాలను నిమిషాల్లో కొలవడం కూడా సారు కనిపెట్టిందే. ఎయిర్‌పోర్టుకు ఇన్ని నిమిషాలు, ఔటర్ రింగ్ రోడ్డుకు ఇన్ని నిమిషాలు. అర్ధరాత్రి రెండు గంటలకు, టోల్‌గేటు దగ్గర ముందు బండి లేకుండా, డ్రైవరుకు ప్రాణం మీద ఆశ లేకుండా వెళ్తే ఆ నిమిషాలు కరెక్టే. ఇక హైదరాబాద్ చుట్టూ రావాల్సిన రీజినల్ రింగ్ రోడ్డు మ్యాపు చూడాలి. చౌటుప్పల్ నుంచి ఆమనగల్లు, షాద్‌నగర్, చేవెళ్ల మీదుగా సంగారెడ్డి దాకా దక్షిణ భాగం పోవాలి. అలైన్‌మెంటు మారిందన్న వార్త వచ్చిన రాత్రే సారు బ్రోచర్‌లో ఎర్రగీత కూడా మారుతుంది, వెంచర్ మాత్రం ఎప్పుడూ ఆ గీత పక్కనే ఉంటుంది. మా చేన్ల మీదుగా వద్దని రైతులు కలెక్టరేట్ల ముందు కూర్చుంటారు, మా పక్కకు జరపండని సారు తిరుపతి మెట్లెక్కుతాడు. అదే రోడ్డు. ఒకరికి భూమి పోతుంది, ఇంకొకరికి గజం రేటు పెరుగుతుంది.

ఇక పౌరసేవ. లేఅవుట్‌లో పది శాతం స్థలం పార్కుకో బడికో వదిలి, పంచాయతీకో మున్సిపాలిటీకో గిఫ్ట్ డీడ్ రాసివ్వాలని నిబంధన. పోచంపల్లి తర్వాత ఈ నేలమీద జరిగిన అతిపెద్ద భూదానం ఇదే కావాలి. సారు దానం చేశాడు, కాదనను. బ్రోచర్‌లో ఆకుపచ్చ రంగు వేసి, ఉయ్యాల బొమ్మ గీయించి, ఊగుతున్న పిల్లకు రెండు జడలు కూడా వేయించాడు. నాలుగేళ్ల తర్వాత ఆ ఉయ్యాల ఉన్నచోట ఈస్ట్ ఫేసింగ్ కార్నర్ బిట్లు మొలిచాయి. పిల్ల ఏమైందో తెలియదు.

ఆ పార్కు బాకీ ఎవరు తీర్చాలన్న ప్రశ్న వచ్చినప్పుడు సర్కారు న్యాయంగా ఆలోచించి, కొన్నవాళ్లు తీర్చాలంది. దాని పేరు ఎల్ఆర్ఎస్, అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం. 2015లో ఒకసారి, 2020లో మరోసారి. రెండోసారి వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టినవాళ్లు రాష్ట్రంలో పాతిక లక్షల పైనే. లేఅవుట్‌లో ఖాళీ జాగా వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. వదలని పార్కుకు పిల్లలు ఆడుకోకుండానే టికెట్ అన్నమాట. ఐదేళ్ల తర్వాత, 2025లో, తొందరగా కట్టినవాళ్లకు 25 శాతం రాయితీ కూడా ప్రకటించారు. దసరా సేల్ పెట్టడం సారుకే కాదు, సర్కారుకూ వచ్చు. ఇంతలో సారును మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అడగడం మర్యాద కూడా కాదు, ఆయన అప్పటికి వేరే మండలంలో ప్రజాసేవలో ఉన్నాడు.

రియల్ ఎస్టేట్‌ను అదుపులో పెట్టే రెరా చట్టం సంగతి అంటారా. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ రిజిస్టర్ చేయకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదని 2016 నాటి ఆ చట్టంలో ఉంది. సారు చట్టాన్ని గౌరవిస్తాడు. అందుకే ప్రకటన ఇవ్వడు, ప్రీలాంచ్ అంటాడు.

కుంటల విషయంలో ఆయన కృషి మరవరానిది. 2015లో సర్కారు మిషన్ కాకతీయ అని చెరువుల్లో పూడిక తీస్తుంటే, తీసింది వృథా పోకూడదని సారు పక్క కుంటలో పోశాడు. రికార్డుల్లో శిఖం, అంటే నీళ్లు నిలిచే జాగా అని రాసి ఉన్న భూమి ఎండాకాలం చదునుగా, ముచ్చటగా ఉంటుంది, సైట్ విజిట్లన్నీ ఏప్రిల్‌లోనే. మజ్జిగ ప్యాకెట్టు, బిర్యానీ, బస్సు. ఆగస్టులో ఎవరినీ తీసుకెళ్లరు. కుంటకు లేఅవుట్ ప్లాను చదవడం రాదు, వాన పడ్డప్పుడల్లా వచ్చి తన జాగాలో తాను పడుకుంటుంది. అప్పుడు కౌన్సిలరు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫొటో దిగుతాడు, మున్సిపాలిటీ మోటారు పెట్టి నీళ్లు తోడుతుంది. డీజిలు ఖర్చు మనదే. అసలు దక్షిణ తెలంగాణలో తాగునీటికీ సాగునీటికీ తరాలుగా పడ్డ తండ్లాట తెలిసినవాళ్లెవరూ కుంటను మొరంతో కప్పరు. తెలియకే కప్పాడనుకుందాం, పెద్దమనిషి కదా.

దయాగుణం తక్కువేం కాదు. ఊరికి వైకుంఠరథం ఇచ్చాడు, శవాన్ని ఉంచే ఫ్రీజరు డబ్బా ఇచ్చాడు, రెండింటి మీదా ఫోన్ నంబరుతో సహా తన ఫొటో వేయించాడు. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ప్లాటు గుర్తుకొస్తే ఎవరిని అడగాలో వెతుక్కోనవసరం లేదు. బస్ షెల్టరు కట్టాడు. అక్కడ బస్సు ఆగదు, కానీ నీడకు లోటు లేదు. అయ్యప్ప పడిపూజ, వినాయకుడి లడ్డూ వేలం, ఆయన లేకుండా సాగవు.

ఇన్ని చేసినవాడి నగరాలు ఎలా ఉన్నాయో ఒకసారి వెళ్లి చూడండి. ఆర్చి ఉంటుంది. ఆర్చి దాటాక 40 ఫీట్ల రోడ్డు, దాని మధ్యలో తుమ్మచెట్టు. శ్రీగంధం మొక్కలు పెట్టాం, పదిహేనేళ్లలో కోట్లు అన్నచోట పల్లేరుకాయలు. సిమెంటు బెంచీ కింద బీరు సీసాలు. సున్నం వెలిసిన రాళ్లు వరసగా, సమాధుల్లాగా. మొత్తం వెంచర్‌కు నివాసి ఒక్కడే, ఆ చెల్క అమ్మిన పెద్దయ్య. వాచ్‌మన్‌గా పెట్టారు. ఒకప్పటి తన పత్తి చేనులో మేకలు మేపుకుంటాడు, ఎవరైనా కారులో వస్తే ప్లాటు నంబరు చూపిస్తాడు. వచ్చినవాళ్లు రాయి పక్కన నిలబడి సెల్ఫీ దిగి, రేటెంతుందని అడిగి వెళ్లిపోతారు. ఉండటానికి కొన్నవాడు ఒక్కడూ లేడు. ఇది సారు తప్పని నేననను. పక్కవాడు ఇల్లు కడితే రేటు పెరుగుతుందని ప్రతివాడూ ప్లాటు పట్టుకుని కూర్చున్నాడు, ఆ పక్కవాడు తానేనని ఎవడికీ తోచలేదు. ఇళ్లుంటే లైను వేస్తామని కరెంటోళ్లు అంటారు. లైనుంటే ఇల్లు కడతామని ప్లాటోళ్లు అంటారు. ఈ చిక్కుముడికి సారు చెప్పిన పరిష్కారం ఫేజ్ టూ.

పట్వారీ పోయాడు, 2020లో వీఆర్వో పోయాడు, భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చి పోయింది, దాని జాగాలో 2025లో భూభారతి వచ్చింది. సారు మాత్రం స్థిరాస్తి. కనుక ఆయనకు ఒక నిలువెత్తు విగ్రహం పెట్టాలని పట్టణ ప్రముఖులం కొందరం తీర్మానించాం. జాగా కోసం ఆయన వదిలిన పార్కుకు వెళ్లాం, అక్కడ ఎవరిదో బేస్‌మెంటు ఉంది. రోడ్డు మధ్యలో పెడదామంటే, కాగితం మీద 33 ఫీట్లున్న రోడ్డు నేల మీదికొచ్చేసరికి ట్రాక్టరు తిరిగేంత కూడా లేదు. కుంట కట్ట మీద పెడదామనుకున్నాం, కట్ట కనిపించలేదు. చివరికి సారు దగ్గరికే వెళ్లి విషయం విన్నవించుకున్నాం. ఆయన కళ్లు చెమర్చాయి. చాయ్ తెప్పించి, టేబుల్ మీద ప్లాను పరిచాడు.

"మనోళ్లు గదా, ఎట్ల కాదంటా? మెయిన్ రోడ్డు బిట్టే ఇస్త, గజానికి వంద తగ్గిస్త. బయానా ఇయ్యాలనే కట్టుండ్రి, రేపట్నుంచి రేటు మారుతుంది."