గెలిచాక మొదలయ్యే కేసు

ప్రభుత్వ ఉద్యోగి కోర్టులో గెలిచాడంటే అందరూ అభినందిస్తారు. ఆ తర్వాత అతను తీర్పు కాపీ పట్టుకుని సొంత ఆఫీసు చుట్టూ ఎన్నాళ్లు తిరిగాడో మాత్రం ఎవరూ అడగరు. నాకు మండేది అక్కడే.

తీర్పును దాటేయడానికి ఆఫీసులు వేసే మొదటి ఎత్తు మెమో. అలాంటివి నేను చాలా చూశాను. పైన విషయం, కింద సూచిక, అన్నీ పద్ధతిగానే ఉంటాయి. సూచికలో మొదటిది హైకోర్టు ఉత్తర్వే. ఆఖరి పేరాకు వచ్చేసరికి, 'అభ్యర్థనను నిబంధనల మేరకు క్షుణ్ణంగా పరిశీలించి, అంగీకరించుటకు వీలుపడదని తెలియజేయడమైనది' అని ఉంటుంది. ఏ నిబంధన ప్రకారం వీలుపడదో రాయరు. కోర్టు పరిశీలించమంది, మేము పరిశీలించాం, ఇక మీ దారి మీరు చూసుకోండి! ఆ మెమోను సవాలు చేస్తూ ఉద్యోగి మళ్లీ రిట్ వేయాలి, మళ్లీ వకీలు ఫీజు కట్టాలి. ఇందులో న్యాయస్థానాల వాటా కూడా ఉందని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. హక్కు ఉందో లేదో తేల్చకుండా 'వినతిపత్రాన్ని పరిశీలించి నాలుగు వారాల్లో నిర్ణయం తీసుకోండి' అని పంపేస్తే కోర్టులో ఒక కేసు తగ్గుతుంది, ఉద్యోగికి ఒక కేసు పెరుగుతుంది.

రెండో ఎత్తు ఇంకా పాతది. 'ఆ తీర్పు పిటిషనర్లకే వర్తిస్తుంది, మీరు ఆ కేసులో పార్టీ కారు.' ఒకే నోటిఫికేషన్, ఒకే పోస్టు, ఒకే తేదీన చేరినవాళ్లు. కోర్టుకు వెళ్లినవాడికి ఇంక్రిమెంటు, వెళ్లనివాడికి మెమో. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం, అరవింద్ కుమార్ శ్రీవాస్తవ కేసులో 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది: కొందరికి కోర్టు ఇచ్చిన ప్రయోజనాన్ని అదే స్థితిలో ఉన్న మిగతా ఉద్యోగులకూ ఇవ్వాలి, ఇవ్వకపోతే అది సమానత్వ హక్కునిచ్చే రాజ్యాంగ 14వ అధికరణకు విరుద్ధం. ఏళ్ల తరబడి కిమ్మనకుండా కూర్చుని, పక్కవాడు గెలిచాక లేచినవాళ్లకు మినహాయింపు పెట్టింది, అదీ న్యాయమే. మన ఆఫీసుల్లో మాత్రం మినహాయింపే సూత్రమైపోయింది, సూత్రం ఎవరికీ గుర్తు లేదు.

మూడో ఎత్తు అప్పీలు. 2020 మార్చిలో కరోనా పేరుతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాల్లో, పింఛన్లలో కొంత భాగాన్ని వాయిదా వేసింది. విశ్రాంత జిల్లా జడ్జి ఒకరు వేసిన వ్యాజ్యంలో హైకోర్టు ఆ మొత్తాన్ని 12 శాతం వడ్డీతో చెల్లించమంది. ప్రభుత్వం అసలు ఇవ్వడానికి అభ్యంతరం లేదంటూనే, వడ్డీ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో వడ్డీ 6 శాతానికి తగ్గింది, అయితే చేసిన సేవకు జీతం ఉద్యోగి హక్కు అని కోర్టు స్పష్టంగా చెప్పింది. పింఛను దయాధర్మం కాదని నకారా కేసులో 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అదే మాట మళ్లీ చెప్పించుకోవడానికి అంత దూరం వెళ్లాలా?

తీర్పును పక్కన పెట్టే అలవాటు మన దగ్గర ఒకప్పుడు రాజ్యాంగంలోనే ఉండేదని ఇప్పటి ఉద్యోగుల్లో చాలామందికి తెలియదు. 371డి అధికరణ కింద, ఉద్యోగుల సర్వీసు వివాదాలు వినడానికి ఏర్పడిన మన పరిపాలనా ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వమే మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు! ప్రతివాదే తీర్పు మీద తీర్పు చెప్పడమన్నమాట. సాంబమూర్తి కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నిబంధన పోయింది, బుద్ధి మాత్రం ఆఫీసు సెక్షన్లలో పదిలంగా ఉంది.

ఇక మిగిలింది, ఉత్తర్వు అమలు చేయలేదని వేసే కోర్టు ధిక్కరణ పిటిషన్. 1971 చట్టం ప్రకారం గరిష్ఠ శిక్ష ఆరు నెలల సాధారణ జైలు, రెండు వేల రూపాయల జరిమానా. రెండు వేలు! క్షమాపణ చెబితే అదీ పోవచ్చు. అదే ఉద్యోగి ఏడాదిలోగా పిటిషన్ వేయకపోతే గడువు దాటిందంటారు. అందుకే కొందరు అధికారులు వాయిదా ముందు రోజు సాయంత్రం దాకా కదలరు, ఆ సాయంత్రం మాత్రం ఫైలు నాలుగు టేబుళ్లు ఒక్క గంటలో దాటుతుంది. అధికారులను అయిన దానికీ కాని దానికీ కోర్టుకు పిలిపించవద్దని, వాళ్ల వేషధారణ మీద వ్యాఖ్యలు చేయవద్దని 2024 జనవరిలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. సబబే. కానీ పిలుపు వస్తే తప్ప చెక్కు కదలని చోట ఉద్యోగి ఏం చేయాలి?

'పైవాళ్లు చెప్పారు, రాశాను' అనే సాకు నాకు అసలు నచ్చదు. నోటిమాట ఆదేశాలను రాతలో పెట్టాలని టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో 2013లోనే సుప్రీంకోర్టు తేల్చింది. హైకోర్టు ఉత్తర్వును ధిక్కరించి గుంటూరులో గుడిసెలు కూల్చిన తహసీల్దారు తర్వాత డిప్యూటీ కలెక్టరయ్యారు. 2025 మేలో సుప్రీంకోర్టు ఆయన్ను మళ్లీ తహసీల్దారును చేసి, లక్ష రూపాయల జరిమానా వేసింది. అలాంటివి ఇంకో పది పడితే గానీ ఫైళ్ల మీద రాసే భాష మారదేమో.

నేను కోరేది పెద్దదేమీ కాదు. అప్పీలుకు వెళ్లాలని సిఫారసు చేసిన అధికారి పేరు, కారణం ఫైలులో ఉండాలి. ఓడిపోతే, కారణం పనికిమాలినదని తేలితే, ఆలస్యానికి పడిన వడ్డీ ఖజానా నుంచి కాకుండా ఆ అధికారి జీతం నుంచి రావాలి. ఈ మాట ఉద్యోగ సంఘాల నాయకుల దగ్గర ఎత్తితే 'ముందు పీఆర్సీ (వేతన సవరణ) తేలనివ్వండి' అంటారు. అంటారు మరి, ఆ ఫైలు నోట్లు రాసే సీట్లలో కూర్చున్నదీ వాళ్ల సభ్యులే.