బంగాళాఖాతం, బరంపురం శాఖ

బరంపురానికి సముద్రం లేదన్న లోటు ఈ మధ్య తీరింది. 1936లో గంజాం మద్రాసు రాజధాని నుంచి ఒడిశాలోకి మారినప్పుడు గోపాల్‌పూర్ సముద్రం కూడా మనతోపాటే వచ్చిన మాట నిజమే, అది ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉన్న మాటా నిజమే. అయితే ఆ సముద్రానికి మూత లేదు, రిమోట్ లేదు, ఇంటికొచ్చిన చుట్టాలను సోఫాలో కూర్చోబెట్టి చూపించే వీలు అంతకన్నా లేదు. అందుచేత స్థోమత గల తెలుగు కుటుంబాలు కొన్ని సముద్రాన్నే హాలులోకి రప్పించుకున్నాయి. మా బావగారింట్లో టీవీ పక్కన ఉన్న మూడు వందల లీటర్ల గాజు పెట్టె అలాంటిదే. అందులో నీలిరంగు దీపాలు, రెండు క్లౌన్ చేపలు, టాంగు అనే పసుపు చేప ఒకటి ఉంటాయి. బంగాళాఖాతానికి బరంపురంలో తెరిచిన శాఖ అన్నమాట. ఆ శాఖలో నాచు పట్టింది గనుక, ప్రజాప్రయోజనం దృష్ట్యా ఆ విషయం చర్చించడం నా విధిగా భావిస్తున్నాను.

గోపాల్‌పూర్ నుంచి నాలుగు క్యాన్లు నీళ్ళు పట్టి తెచ్చుకుంటే పోదా అని అడిగే అమాయకులు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. ఇంటి సముద్రంలో కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు ఉండాలి, సాంద్రత 1.025 దగ్గర నిలవాలి. మహానది, గోదావరి, మన ఋషికుల్య వానాకాలమంతా మంచినీళ్ళు తెచ్చి పోస్తూ ఉంటే బంగాళాఖాతం ఆ మార్కులు ఎలా తెచ్చుకుంటుంది? పరీక్షలో తప్పిన సముద్రాన్ని హాలులో పెట్టుకోవడం మర్యాద కాదు. పోనీ హుమ్మ మడుల్లో ఎండే ఉప్పు వాడుకోవచ్చు కదా అంటే అదీ కుదరదు. సముద్రపు నీరు మడిలో ఎండేటప్పుడు సోడియం క్లోరైడు గడ్డకడుతుంది, మెగ్నీషియం, పొటాషియం వంటివి చాలావరకు చేదు నీటిలోనే మిగిలిపోతాయి. కాబట్టి మన కళ్ళెదుట తయారయ్యే ఉప్పు పప్పులోకి పనికొస్తుంది గాని సముద్రంలోకి పనికిరాదు. సముద్రం చేసుకోవడానికి కావలసిన ఉప్పు విదేశం నుంచి బకెట్లలో రావలసిందే.

ఆ ఉప్పును కలపడానికి కుళాయి నీళ్ళు కూడా చాలవు. వాటిలోని సిలికేట్లు తిని డయాటమ్‌లనే గోధుమరంగు పొర గాజు మీద, ఇసుక మీద కమ్ముకుంటుంది. అందుకని ఆర్‌ఓ యంత్రం పెట్టారు. అది ఒక లీటరు శుద్ధమైన నీరు ఇవ్వడానికి సుమారు మూడు లీటర్లు వదిలేస్తుంది. ఎండాకాలంలో వీధి వీధంతా ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టి నిలబడుతుంటే, రెండు చేపల ఆరోగ్యం కోసం మూడు వంతుల నీటిని కాలవలోకి పంపే ధైర్యం అందరికీ ఉండదు. బావగారికి ఉంది.

పగడాల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే పులితో సమాన హోదా. చట్టాన్ని గౌరవించే మా బావగారు ప్లాస్టిక్కు పగడాలే పెట్టించారు. అవి ఏపుగా పెరగాలని నీటిలో కాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకుంటారు. నాచు మాత్రం అసలు, నకిలీ అనే తేడా పాటించకుండా వాటి మీద కూడా పచ్చగా, బొచ్చులా, వేలెడు పొడవున పెరిగింది.

ఇంతకీ ఆ నాచుకు తిండి ఎక్కడిది? ఈ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ వేయరు, ఎందుకంటే జవాబు అందరి చేతిలోనూ ఉంది. ఉదయం బావగారు చిటికెడు గుళికలు వేస్తారు. ఆయన వేసిన సంగతి తెలియక అక్కయ్య ఇంకో చిటికెడు వేస్తుంది. ట్యూషన్‌కు వెళ్ళేముందు పిల్లలు వేస్తారు. సాయంత్రం చుట్టాలు వస్తే, చేపలు పైకి ఎగబడే ముచ్చట చూపించడానికి ఐసుగడ్డలోని మైసిస్ రొయ్యలు కరిగించి, ఆ నీళ్ళతో సహా పోస్తారు. దసరాకు వచ్చిన మా అమ్మ అయితే గాజు దగ్గర కుర్చీ వేసుకుని, "పాపం, మూగజీవాలు, నోరు తెరిచి అడుగుతున్నాయి చూడు" అంటూ రాత్రి పడుకోబోయే ముందు కూడా నాలుగు గింజలు రాల్చేది. చేపలకు నోరు తెరవడం ఊపిరి పీల్చుకోవడంలో భాగమని ఆవిడకు చెప్పే సాహసం ఎవరూ చేయలేదు. తెలుగింట అతిథిని ఆకలితో పంపడం మన వంశంలో లేదు.

తిన్నదీ తినకుండా కుళ్ళినదీ కలిసి అమ్మోనియా అవుతుంది. ఇసుకలో, రాళ్ళలో ఉండే బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తాయి. ఆ బాక్టీరియా కుదురుకోవడానికే కొత్త పెట్టెకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది గనుక, అంతవరకు చేపలు వేయకూడదని పెద్దలంటారు. మేతలోని ఫాస్ఫేటు సంగతి వేరు, అది ఎక్కడికీ పోదు. ఈ రెండింటికీ పది పన్నెండు గంటల దీపం తోడైతే నాచు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. నా దృష్టిలో ఆ పెట్టెలో ఇచ్చిన పని సక్రమంగా చేస్తున్న ప్రాణి అదొక్కటే. పసుపు టాంగును తెచ్చింది నాచు మేస్తుందనే గాని, రోజంతా గుళికలు తిన్న కడుపుతో అది పచ్చిక వైపు తలెత్తి కూడా చూడదు.

మేత తగ్గించడమనే పరిష్కారాన్ని బావగారు పరిశీలించి, అందులో కొనవలసినది ఏదీ లేనందున తిరస్కరించారు. ముందు నత్తలు వచ్చాయి. తరువాత ఫాస్ఫేటును పీల్చే ఇనుప ఆక్సైడు గింజలు, నురుగుతో మురికిని పైకి లాగే ప్రోటీన్ స్కిమ్మర్ వచ్చాయి. నాచును అణచడానికి ఇంకో రకం నాచును, కీటోమార్ఫా అనే దాన్ని, డబ్బిచ్చి కొని వెనుక గదిలో దీపం పెట్టి పెంచారు. ఊరికే వచ్చిన నాచు శత్రువు, కొన్న నాచు మిత్రుడు.

చివరికి వోడ్కా వచ్చింది. ఇది హాస్యం కాదు. సముద్రపు సూక్ష్మజీవులు కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్‌లను సుమారు 106:16:1 నిష్పత్తిలో వాడుకుంటాయి. పెట్టెలో వాటికి దొరకని కార్బన్‌ను వోడ్కా రూపంలో కొద్ది కొద్దిగా అందిస్తే, అవి పెరుగుతూ నైట్రేటును, ఫాస్ఫేటును లాక్కుంటాయి, వాటిని స్కిమ్మర్ బయటికి తోస్తుంది. ఈ శాస్త్రమంతా తెలియని మా అమ్మ చేపల మేత పక్కన సీసా చూసి, అల్లుడిగారిని అడగలేక, వంటింట్లో అక్కయ్యను నిలదీసింది. "చేపలకమ్మా" అని అక్కయ్య చెప్పిన జవాబు, నిజమే అయినప్పటికీ, ఇంతవరకు ఎవరూ నమ్మలేదు. ఆ కంగారులో మోతాదు మించడంతో నీళ్ళు పాలలా తెల్లబడి, ప్రాణవాయువు చాలక చేపలు రెండు రోజులు పై అంచునే రొప్పుతూ గడిపాయి.

అయినా ఆయన సాధించారు. నైట్రేటు సున్నా, ఫాస్ఫేటు సున్నా. నాచు పోయింది. ఆ ఖాళీలోకి డైనోఫ్లాజెల్లేట్లు వచ్చాయి: చీమిడి తీగల్లాంటి గోధుమరంగు జిగురు, దాని కొనల్లో గాలిబుడగలు. పోషకాలు బొత్తిగా లేని నీటిలో పోటీ లేకుండా పెరగడం వీటికి అలవాటు. దీనికి మందు ఏమిటయ్యా అంటే నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు వేయడం. ఇన్నాళ్ళూ వేలు పోసి తీసేయించిన సరుకునే ఇప్పుడు చిన్న సీసాల్లో, చుక్కల లెక్కన, మళ్ళీ కొంటున్నారు.

ఇలాంటి సంక్షోభాన్ని మన ప్రాంతంలో ప్రభుత్వం కూడా ఒకసారి ఎదుర్కొంది. పూడిక వల్ల చిలికాకు సముద్రంతో సంబంధం సన్నగిల్లి, ఉప్పదనం తగ్గి, మంచినీటి కలుపు సరస్సును కమ్మేస్తే, 2000లో కొత్త ముఖద్వారం తవ్వి సముద్రపు నీళ్ళు లోపలికి రానిచ్చారు. కలుపు తగ్గింది, చేపలు, పీతలు పెరిగాయి, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందమైన రామ్‌సర్ వారు చిలికాను ప్రమాద జాబితా నుంచి తొలగించారు. ఒక్క సీసా కొనకుండా, పాత నీళ్ళు పోయి కొత్త నీళ్ళు వచ్చే దారి చూశారు. వారానికి పదో వంతు నీళ్ళు మార్చడమని ఇంటి సముద్రాల వాళ్ళు దీన్నే అంటారు గాని, బకెట్టు మోసే పనిలో హోదా లేదు.

ప్రధాన కార్యాలయం అప్పుడప్పుడు తనిఖీకి వస్తుందన్న సంగతి కూడా శాఖాధిపతులు మరువరాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటిది మళ్ళీ వస్తే పంపు, స్కిమ్మర్, నీళ్ళను చల్లబరిచే చిల్లర్ ఇన్వర్టరు మీద ఒక పూట నడుస్తాయేమో. ఆ తరువాత బాక్టీరియాకు ఊపిరాడదు, చేపలకు అంతకన్నా ఆడదు.

ఇదంతా మొన్న ఆదివారం బావగారికి సవినయంగా మనవి చేసి, మేత డబ్బాకు తాళం వేసి, ఆ తాళంచెవి ఇంట్లో చేపలంటే ఇష్టం లేని ఒక్కరి దగ్గర ఉంచమన్నాను. ఆయన శ్రద్ధగా విని, "నువ్వు చెప్పింది నిజమే బావా, అసలు సమస్య మనం సరిగ్గా కొలవకపోవడంలోనే ఉంది" అని, అప్పటికప్పుడు ఫోను తీసి ఫాస్ఫేటును దశాంశాలతో చూపించే డిజిటల్ మీటరుకు ఆర్డరు పెట్టారు. దానితోపాటు పెద్ద డబ్బా చేపల మేత ఉచితమట.