మిద్దె మీద సముద్రం: ఒక అన్నాచెల్లెళ్ల వాదోపవాదం

ముందే చెప్పేస్తా, నేను మధ్యస్థుణ్ని కాను. తిరుపతి బైరాగిపట్టెడలో ఆ ఇంటి కింది వాటాలో అద్దెకుంటా. పై వాటా హాల్లో ఏం పెట్టినా అది సరిగ్గా నా మంచం నెత్తిన ఉంటుంది. పైన ఉండేది ఇంటివాళ్లు: అన్న, చెల్లెలు, వాళ్లమ్మ. అన్నకు రెండడుగుల ఉప్పునీళ్ల తొట్టి ఉంది. అందులో రెండు క్లౌన్ చేపలు, గోబీ అనే చిన్న చేప ఒకటి, ఒక రొయ్య. దాన్ని తీసేసి నాలుగడుగులది పెట్టాలని ఆయన పట్టు, వద్దని ఆమె పట్టు. మే నెలలో ఒక ఆదివారం అద్దె ఇద్దామని పైకి పోతే ఇది నడుస్తోంది. విన్నది విన్నట్టు రాయలేదు. చెల్లెలి మాటలు కాస్త సాన పట్టా.

అన్న: తొట్టి పెద్దదైతే తంటాలు పెరుగుతాయని ఊరంతా అనేదే నువ్వూ అంటాండావు. అది తలకిందుల లెక్క పాపా. నా తొట్టి రెండడుగుల పొడుగు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. 127 లీటర్లు. నాలుగు, రెండు, రెండు అనుకో, 450. పోయిన నెల రెండో గోబీ రాళ్ల సందులో చచ్చి పడుంటే తెల్లారి గానీ నాకు తెలీలేదు. దాంట్లోంచి దిగే అమ్మోనియా విషం ఎంతో అంతే, ఏ తొట్టిలో చచ్చినా మారదు. కానీ 127 లీటర్లలో కలిసేది వేరు, 450లో కలిసేది వేరు. మూడున్నర రెట్లు పల్చన. ఎండా అంతే. పొద్దున 27 డిగ్రీలున్న నీళ్లు మాపటికి 31కి పోతాండాయి. చెంబులో నీళ్లూ బాయిలో నీళ్లూ ఒకేమాదిరి కాగుతాయా? ఇది మన చెరువు చేప కాదు. పగడపు దిబ్బల కాడ నీళ్లు రోజంతా ఒకేమాదిరి ఉంటాయి, అందుకే ఈ జాతి మార్పు తట్టుకోదు. ఉప్పు లీటరుకు 35 గ్రాములంటే 35 గ్రాములే ఉండాల. నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఉప్పు పోదు. చిన్న తొట్టిలో రెండు రోజులు మంచినీళ్లు పోయకపోతే చిక్కబడిపోతాది. పెద్ద తొట్టి ఆలస్యంగా చెడతాది. నాకు కావల్సింది ఆ ఆలస్యమే.

(ఈ చివరి మాటను కాదనడానికి నాకేం దొరకలేదు.)

చెల్లెలు: ఆలస్యంగా చెడేది ఆలస్యంగానే గదా బాగయ్యేది?

అన్న: అంటే?

చెల్లెలు: ఇప్పుడు నీళ్లు పాడైతే ఒక బకెట్టు మారిస్తే సరిపోతాండాది. వారానికి పదో వంతు మార్చాలని నువ్వే అంటావు. 127లో పదో వంతంటే ఒక బకెట్టు. 450లో 45 లీటర్లు, మూడు బకెట్లు, కిలోన్నర పైన ఉప్పు, వారం వారం. మొదట నింపేదానికే 16 కిలోల ఉప్పు. బోరు నీళ్లు పనికిరావు, కాచిన గిన్నె అడుగున సున్నం పేరుకుంటాది. ఆర్వో నీళ్లే కావాల. ఆ మిషను లీటరు మంచినీళ్లిచ్చేదానికి రెండు మూడు లీటర్లు బయటికి తోస్తాది. ఇవన్నీ ఎవురు మోస్తారు? నువ్వు పని మీద చెన్నై పోతావు, ఆడ్నించి ఫోను. రెండు చిటికెలు మేత వెయ్యి, నీళ్లలో మురికిని నురగతో తీసే ఆ స్కిమ్మర్ కప్పు కడుగు. ఆ కప్పు నువ్వు కడిగి ఎన్నాళ్లయింది? డికాషన్ రంగు నీళ్లు, ఎండుచేపల గంప తెరిచినట్టు కంపు.

అన్న: కంపు కొడతాందంటే అది పని చేస్తాందని అర్థం.

చెల్లెలు: నేనూ పని చేస్తాండా.

అన్న: పెద్దదానికి కింద సంపని ఇంకో చిన్న తొట్టి పెడతా. పంపులూ స్కిమ్మరూ అన్నీ దాంట్లోకే పోతాయి. ఆవిరైన నీళ్లు ఫ్లోట్ వాల్వు తనే నింపుకుంటాది. నువ్వు చెయ్యి పెట్టే పనే లేదు.

చెల్లెలు: బరువు చెప్పు.

అన్న: ఎంతుంటాది...

చెల్లెలు: నీళ్లు 460 కిలోలు. పన్నెండు మిల్లీమీటర్ల అద్దం 90. రాళ్లు, ఇసుక, ఇనుప స్టాండు, నీ సంపు, అన్నీ కలిపితే 750కి తగ్గదు. చిన్న కారును తెచ్చి ఎనిమిది చదరపు అడుగుల్లో నిలబెట్టినట్టు. ఇండ్ల స్లాబు చదరపు మీటరుకు 200 కిలోలు మోస్తాదని లెక్కేసి కడతారు. నీ తొట్టి కింద మీటరుకు వెయ్యి పడతాది.

(నేను కాళ్ల కింద చూసుకున్నా. వాళ్లకది నేల, నాకది కప్పు.)

అన్న: ఆ 200 గదంతా పరుచుకున్న లెక్క. 12 చదరపు మీటర్ల హాలుకు 2400 కిలోలు. ఒక్కచోట పెట్టిన బరువును స్లాబు చుట్టూ పంచుకుంటాది. తొట్టి ఆకారంలో బెజ్జం పడదు. వరలక్ష్మీ వ్రతం రోజు ఈ హాల్లో నలభై మంది కూర్చోలా? దక్షిణం గోడ కింద బీము పోతాండాది. దాని వారనే పెడతా. నడిమధ్యన పెడితే గదా భయం.

(ఆయన చెప్పింది చాలావరకు సరే. కానీ వ్రతానికొచ్చినవాళ్లు వాయనం తీసుకుని గంటలో పోతారు. తొట్టి పదేళ్లు కదలదు. ఇంజనీరు వచ్చి బీములు చూసేదాకా ఇద్దరి లెక్కా లెక్క కాదని నా మనవి.)

అన్న: ఉప్పు ఖర్చంటావా, సముద్రం నీళ్లే తెస్తా. 2022లో జిల్లాలు విడగొట్టినాక మన తిరుపతి జిల్లాకే సముద్రం వచ్చింది. తూపిలిపాళెం పోయి డ్రమ్ములు నింపుకోనొస్తే సరి.

చెల్లెలు: స్వర్ణముఖి పోయి కలిసేది ఆ వైపే. చంద్రగిరి కాడ్నించి దార్లో ఊళ్ల నీళ్లన్నీ కలుపుకొని పోతాది. వానాకాలంలో ఆ ఒడ్డున ఉప్పెంతుందో నీ రిఫ్రాక్టోమీటర్ పెట్టి చూడు. నూరు కిలోమీటర్ల పైన పోయి మన మురుగు మనమే తెచ్చుకుంటామా?

అన్న: సరే, ప్యాకెట్ ఉప్పే కొంటా. నీళ్లు వృథా అంటివే, ఆర్వో మిషను వదిలే నీళ్లన్నీ యాడికి పోతాండాయి? మిద్దె పైన నీ అరవై కుండీలకే గదా.

చెల్లెలు: కుండీల మాట ఎత్తితివి. కరేపాకు చెట్టు సంగతి సార్‌కు చెప్పు మరి.

అన్న: మళ్ల కరేపాకా!

చెల్లెలు: ఎనిమిదేండ్ల చెట్టు సార్. రెండు బకెట్లు పక్కపక్కనే పెట్టినాడు, రెండూ నీలం రంగువే. ఒకదాంట్లో ఆర్వో వదిలిన నీళ్లు, ఇంకోదాంట్లో తొట్టిలోంచి తోడిన ఉప్పునీళ్లు. నాకేం తెలుసు? పోసినా. మూడో రోజుకు ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు అయినాయి. వారానికి పుల్లలు మిగిలినాయి.

అన్న: మూత మీద రాసినా.

చెల్లెలు: మూత కింద పడుండాది!

అన్న: వేలు ముంచి నాలిక మీద పెట్టుకోనుంటే తెలిసేది.

చెల్లెలు: చెట్టుకు నీళ్లు పోసే ముందర రుచి చూసేవాళ్లను యాడన్నా చూసినావా?

వంటింట్లోంచి అమ్మ: ఆ పొద్దు నుంచి కరేపాకు కొనుక్కుంటాండాం నాయనా.

(ఇది పావుగంట సాగింది. బకెట్ల రంగు దగ్గరే పది నిమిషాలు. కోసేశా.)

చెల్లెలు: కరెంటు సంగతి చెప్పు. పోయినసారి రాత్రి కరెంటు పోతే అమ్మ గదిలో ఫ్యాను ఆపి ఇన్వర్టరు మీద పంపు నడిపినావు. ఇప్పుడు నీళ్లు చల్లబరిచే చిల్లర్ మిషను కావాలంటాండావు. అదేమన్నా చలవను పుట్టిస్తాదా? తొట్టిలో వేడిని తీసి హాల్లోకి ఊదతాది. చేపలకు 26, అమ్మకు 40.

అన్న: ఆ రోజు మిద్దె మీద పండుకుంటానని అమ్మే అనింది.

అమ్మ: నన్ను లాగద్దండి.

అన్న కాసేపు మాట్లాడలేదు. తొట్టి దగ్గరికి పోయి అద్దానికి వేలు ఆనించాడు. పెద్ద క్లౌన్ పొడవడానికొచ్చింది. క్లౌన్లన్నీ మొదట మొగవే. జతలో పెద్దది ఆడదవుతుంది, తొట్టి దానిదవుతుంది. చిన్నది దాని వెనకాలే, వణుకుతున్నట్టు తల ఊపుతూ. ఇంటికి తగ్గ చేపలు అనుకున్నా గానీ అనలేదు.

అన్న: నీ మాట ప్రకారం పోతే మనిషి ఏదీ పెంచుకోకూడదు. బరువు, బకెట్లు, ఇన్వర్టరు, అన్నీ మన కష్టాలే చెప్పినావు. దీని కష్టం ఒక్కటన్నా చెప్పినావా? తెచ్చింది నేను. తెచ్చి, మే నెల ఎండలో రెండడుగుల అద్దాల డబ్బాలో పెట్టి, పెద్దది కొంటే మనకు నడుము నొప్పని కూర్చుంటే ఆ పాపం ఎవురిది? నీ కరేపాకు చెట్టునే తీసుకో. ఎనిమిదేండ్లలో మూడుసార్లు మార్చినావు. చిన్న కుండీ, పెద్ద కుండీ, డ్రమ్ము. వేర్లకు చోటు చాలలేదని. మట్టి మోసింది ఎవురు? నేనే గదా. అప్పుడు స్లాబు గుర్తుకు రాలేదా నీకు?

(చెల్లెలి దగ్గర జవాబు లేదు. నేను కల్పించి ఇద్దామని చూశా, నాకూ దొరకలేదు.)

చెల్లెలు: సరే. చెట్టు మాట ఒప్పుకుంటా. నాలుగడుగులదే పెట్టు.

అన్న: నిజంగానా?

చెల్లెలు: లోపల ఇవే ఉండాల. రెండు క్లౌన్లు, గోబీ, రొయ్య. ఏడాది దాకా ఇంకొక చేప రాకూడదు.

ఫ్యాను చప్పుడు వినపడింది.

అన్న: అంత తొట్టి పెట్టి... బోసిగా ఉండదా?

చెల్లెలు: అదీ. ఇప్పుడొచ్చినావు దారికి. ఇందాకట్నుంచి ఈ చేపల కోసమని కండ్లనీళ్లు పెట్టినావే, నీ ఫోనులో చెన్నై కొళత్తూరు అంగట్లో తీసిన బ్లూ టాంగ్ చేప ఫోటో నేను చూడలేదనుకున్నావా? ఇప్పుడది రెండంగుళాలు. అడుగు దాకా పెరుగుతాది. దానికి నాలుగడుగులు కూడా చాలవు, ఆరడుగులు కావాల. రెండేండ్లకు మళ్ల ఈ సోఫా మీద ఇదే మాట మాట్లాడుకుంటాం. ఈ క్లౌన్లు వేరే. తమిళనాడు మండపం ఊళ్లో సీఎంఎఫ్‌ఆర్ఐ, అదే సముద్రపు చేపల పరిశోధన సంస్థ వాళ్లు చేసి చూపించినట్టు తొట్లలోనే పొదిగించిన పిల్లలు, సముద్రం మొగం చూసినవి కావు. టాంగ్ ఎక్కువగా సముద్రంలోంచి పట్టుకొచ్చేదే. పోయినేడు సముద్రపు గుర్రం అన్నావు. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో 2001లోనే దాన్నీ గట్టి పగడాల్నీ చేర్చినారని చూపిస్తే గానీ మానుకోలా. నీళ్లు జాస్తి అయితే విషం పల్చనౌతాదన్నావు, కాదనను. ఆ పల్చదనాన్నంతా చేపల్తో నింపేస్తే ఇంగ మిగిలేదేంది? ఇప్పుడు నాలుగు ప్రాణాలు, అప్పుడు పద్నాలుగు. మేత మూడున్నర రెట్లు, అమ్మోనియా మూడున్నర రెట్లు. నీ లెక్క తిరిగి తిరిగి 127 లీటర్ల కాడికే వస్తాది. జాస్తి అయ్యేది బకెట్లే.

అన్న: ...టాంగ్ వద్దులే.

చెల్లెలు: ఏడాది.

అన్న: ఆరు నెల్లు.

చెల్లెలు: మే దాటాల. వచ్చే మే ఆ తొట్టి ఎట్ల దాటుతాదో చూసి మాట్లాడదాం.

అన్న లోపలికి పోయి టేపు తెచ్చాడు. ఒక కొస చెల్లెలే పట్టుకుంది. కొలుస్తూనే ఆమె చెబుతోంది: రాళ్లను ఆరనియ్యకుండా కొత్త తొట్టిలోకి మార్చాల, అమ్మోనియాను తినే బాక్టీరియా ఉండేది వాటిల్లోనే, నీళ్లల్లో కాదు. పాత ఇసుక మాత్రం వద్దు, కెలికితే అడుగు మురుగంతా లేస్తాది. ఆయన తలూపుతున్నాడు. ఇవన్నీ ఆమెకెప్పుడు తెలిశాయో ఆయన అడగలేదు.

నేను అద్దె డబ్బులు టీపాయ్ మీద పెట్టి, ఇంజనీరు ఎప్పుడొస్తాడని అడిగా. వచ్చే ఆదివారం అన్నారు, ఇద్దరూ ఒకేసారి.

కిందికి వచ్చి, మంచాన్ని ఉత్తరం గోడ వారకు జరుపుకున్నా.