లెక్కలోకి రాని టౌ గారికి

మహారాజశ్రీ టౌ గారి దివ్యసముఖమునకు,

నిన్న భోజనాలయ్యాక మొదలుపెట్టి, సాయంత్రం ఆరున్నరకి నా చేత్తో నేనే బోర్డు మీంచి తుడిచేసుకున్న పదకొండు మెట్ల ప్రూఫ్ సాక్షిగా రాయునది.

ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రోగ్రాముల (వాటినే ప్రాసెస్‌లంటారు) లెక్కల్లో తమరు కంటికి కనిపించని అడుగు. ఒకడు పంపి, ఇంకొకడు అందుకుని, లోపల్లోపల చేతులు కలిపితే బయటికి మిగిలే నిశ్శబ్దమే తమరు. 1980లో రాబిన్ మిల్నర్ ఆ లెక్కల పద్ధతి సీసీఎస్ మీద పుస్తకం వేసిన నాటి నుంచీ అదే ఉద్యోగం. బయటికి ఒకేలా కనిపించే ప్రాసెస్‌లు సమానమనే వీక్ బైసిమ్యులేషన్ అయితే తమర్ని లెక్కలోకి తీసుకోవద్దని రాసే ఇచ్చింది. నాలుగు టౌల తర్వాత టీ ఇచ్చే సర్వరూ, నేరుగా టీ ఇచ్చే సర్వరూ ఒకటే. నమ్మాను. నమ్మి, ప్రూఫ్‌లో టౌల సర్వర్ చోట నేరుగా ఇచ్చే సర్వర్‌ని పెట్టాను.

పక్కన ప్లస్ ఉంది. ప్లస్‌కి అవతల కాఫీ ఉంది.

ప్లస్ అంటే "లేదా". "టీ లేదా కాఫీ" అంటే ఎంపిక నాది. ఆ టీకి ముందు తమరుంటే, నేను నోరు తెరిచేలోపే చప్పుడు చెయ్యకుండా కాఫీ పారబోస్తారు. విడిగా సమానమైనవి ప్లస్ పక్కన సమానం కావట! పెళ్లికొచ్చి "మమ్మల్ని పట్టించుకోకండి బాబూ" అని మూల కూర్చుని, తీరా విస్తళ్లు వేసే వేళకి మర్యాద జరగలేదని లేచిపోయే మేనమామ తమరు.

టైపులు, అంటే ఏ ఛానెల్‌ని (ప్రాసెస్‌లు మాట్లాడుకునే దారిని) ఎవరెలా వాడొచ్చో చెప్పే నియమాలు, కాపాడతాయనుకున్నాను. పరిశోధకులు పియర్స్, సాంజోర్జీ 1993లోనే టైపులతో, బయటి నుంచి ప్రాసెస్‌ని చూసే పరిశీలకుడి చేతులు కట్టారు: ఛానెల్ మీద రాసే హక్కే తప్ప చదివే హక్కు లేనివాడికి, దాని మీద మనమేం పంపినా కనిపించదు. నా ఖర్మకి, కాఫీ అడిగే హక్కు పరిశీలకుడికి టైపే ఇచ్చింది. (ఒక్కో సంభాషణలో (సెషన్‌లో) ఏ మాట తర్వాత ఏ మాటో చెప్పే మామూలు సెషన్ టైపుల ఊసు ఎత్తను. రెండు సెషన్లు ఒకదానికోసం ఒకటి కాచుక్కూర్చున్నా, రెండింటికీ "అంతా సవ్యం" అని ముద్ర గుద్దుతాయి.)

అసలు నీకు సిగ్గుందా? ఎప్పటికీ ఆగకుండా నీ చుట్టూ నువ్వే తిరిగే ప్రాసెస్, కాలు కదపని ప్రాసెస్‌తో సమానమే! అక్కడ కనపడవు. నా ప్లస్ దగ్గరే కనపడాలా?

మిల్నర్‌కి నీ సంగతి తెలుసు. ప్లస్ పక్కన కూడా సమానం కావాలంటే, ఒకడి మొదటి అడుగులో నువ్వొస్తే అవతలివాడూ కనీసం ఒక్క టౌతో బదులివ్వాలన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లొచ్చినా లెక్కలేదు. గుమ్మంలో కాళ్లకు నీళ్లిస్తే చాలు, లోపలికొచ్చాక ఏ మూల పడుకున్నా అడిగేవాడు లేడు.

సరే మామా. నాలుగు టౌలు పీకేద్దామనే కదా ఆ సర్వర్‌ని కుదించాను. మూడు పోయాయి. గుమ్మంలో నీ కోసం ఒకటి అట్టే పెట్టాను. కాళ్లు కడుక్కో.