ప్రపంచాంతం వాయిదా పడింది, గమనించగలరు

ప్రపంచాంతం మళ్ళీ వాయిదా పడింది. కర్నూలు ప్రజలు ఎప్పటిలాగే ఇంటిపన్ను, కరెంటు బిల్లు చెల్లించుకోవాలని మనవి. కొత్త తేదీని మా విచారణలోని, అంటే మా కతోలిక గుడి పరిధిలోని, ప్రవచన పండితులు లెక్క సరిచూసుకుని త్వరలో ప్రకటిస్తారు.

ఈ పండితులను మీరూ ఎరుగుదురు. ప్రతి విచారణకూ ఒకరు ఉంటారు. పూజ ముగిసి ఫాదర్ గారు లోపలికి వెళ్ళేలోగా గుడి వాకిట్లో వేపచెట్టు కింద వారి పీఠం వెలుస్తుంది. మా విచారణ పండితులు లెక్కల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఇతరుల బిల్లులకు కొర్రీలు వేసిన చెయ్యి ఖాళీగా ఉండలేక ఇప్పుడు బైబిలు చివరి పుస్తకంలోని యోహాను దర్శనాలకు కొర్రీలు వేస్తోంది. సంచిలో ఒక నోటుబుక్కు. అందులో ఎర్ర సిరాతో ఏడు ముద్రలు, పచ్చ సిరాతో ఏడు బూరలు, నల్ల సిరాతో ఏడు పాత్రలు, అంచున ఇజ్రాయెల్, రష్యా, ఆనాటి బంగారం ధర. రాజ్‌విహార్ దగ్గర ఉగ్గాని, బజ్జీ తింటూ నాలుగో పాత్ర గురించి వారు వివరిస్తుంటే, అంటే సూర్యుడు మనుషులను కాల్చే పాత్ర గురించి, మే నెల మధ్యాహ్నం కర్నూలులో నిలబడి కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

అంతవరకు సహించాను. 2025 ఏప్రిల్ 21న పోపు ఫ్రాన్సిస్ కన్నుమూశారు. విచారణలో అందరూ జపమాల తీశారు, వీరు నోటుబుక్కు తీశారు. "అయిపోయింది. ఈయనే 112వ వారు. ఇక మిగిలింది తీర్పే" అన్నారు, పెండింగులో ఉన్న ఫైలు మూసినంత తృప్తిగా.

ఈ 112 కథ ఇది. పన్నెండో శతాబ్దపు ఐర్లండు పీఠాధిపతి పునీత మలాకీ రాబోయే పోపులందరినీ ముందే చూసి, ఒక్కొక్కరికి ఒక్కో చిన్న ముక్క రాసిపెట్టారట. మలాకీ చనిపోయింది 1148లో. జాబితా అచ్చులో కనబడింది 1595లో, వెనిస్ నగరంలో, ఆర్నాల్డ్ వియోన్ అనే సన్యాసి పుస్తకంలో. నడుమ నాలుగున్నర శతాబ్దాలు అది ఏ అటక మీద పడి ఉందో ఎవరూ చెప్పరు. 1590 వరకు వచ్చిన పోపులకు ఆ ముక్కలు చక్కగా సరిపోతాయి. ఆ తర్వాతి వారి విషయానికి వచ్చేసరికి ఎవరికి తగిలించినా అతికేటంత వదులుగా తయారవుతాయి. అచ్చయ్యే నాటికి జరిగిపోయినదంతా జోస్యం చెప్పిన మహిమ అది! కతోలిక శ్రీసభ ఏనాడూ దాన్ని తన బోధలో చేర్చుకోలేదు. ఆ జాబితాలో చివరివాడి పేరు "రోము పేతురు". ఫ్రాన్సిస్ పేరులో పేతురు ఎక్కడున్నాడని అడిగాను. "అస్సీసీ ఫ్రాన్సిస్ వారి తండ్రి పేరు పియెత్రో" అని జవాబు. తండ్రి పేరు కలిస్తే సరిపోతుందంటే మా వీధిలో సగం మంది పోపులే.

మే 8న లియో 14 ఎన్నికయ్యారు. షికాగోలో పుట్టి, పెరూలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. బాల్కనీ మీదికి వచ్చి చెయ్యి ఊపారు. లోకం ఉన్నచోటే ఉంది. మా పండితుల ముఖంలో కించిత్తు తొట్రుపాటు లేదు. "111కీ 112కీ నడుమ ఎంతమంది పోపులైనా ఉండవచ్చు. జాబితాలో అక్కడ ఖాళీ ఉంది" అన్నారు. లెక్కల శాఖలోనూ ఇంత సౌకర్యం ఉండి ఉంటే రాష్ట్ర బడ్జెట్టులో లోటన్నదే ఉండేది కాదు.

ఆ ఖాళీలోంచే కొవ్వొత్తులు వచ్చాయి.

1837లో రోములో మరణించిన ధన్యురాలు అన్నా మరియా తైగి చెప్పారంటూ ప్రచారంలో ఉన్న మాట ఒకటుంది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు లోకమంతా చీకటి కమ్ముతుంది. ఆశీర్వదించిన తేనెమైనపు ఒత్తులు తప్ప ఏ దీపమూ వెలగదు. కిటికీలు బిగించుకుని లోపలే ఉండాలి, బయటికి తొంగి చూసినవాడు అక్కడే కూలిపోతాడు. ఇటువంటి స్వకీయ దర్శనాలు విశ్వాస నిక్షేపంలో, అంటే అందరూ నమ్మితీరవలసిన బోధలో, భాగం కావని శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 67వ పేరా తేటగా చెబుతుంది. కానీ అట్టపెట్టెలు దిగిపోయాక పేరా ఎవరు చదువుతారు? అసలైన తేనెమైనం అని ఎవరో వ్యాపారి ప్రమాణం చేసి అమ్మాడట. పెట్టెలన్నీ తెచ్చి ఫాదర్ గారి ముందు పెట్టారు. "ఫిబ్రవరి 2న ఎలాగూ కొవ్వొత్తులు ఆశీర్వదిస్తాను కదా, అప్పుడు తీసుకురండి" అన్నారాయన. "అప్పటికి ఫిబ్రవరి ఉండదు ఫాదర్" అన్నారు వీరు. ఇంకా టిఫిను చేయని మనిషి ఎలా చల్లుతాడో అలా ఆశీర్వాద జలం చల్లి లోపలికి వెళ్ళిపోయారు ఫాదర్ గారు.

సాయంత్రం పండితుల ఇంట్లో సన్నాహక సమావేశం. గదికి ఎన్ని ఒత్తులు? స్నానాల గది గది కిందికి వస్తుందా, రాదా? కిటికీలన్నీ మూయాలి సరే, కూలరు పెట్టిన కిటికీ మాటేమిటి? కరెంటే ఉండదు కాబట్టి కూలరు తీసేసి అట్ట అడ్డం పెట్టాలని తీర్మానించారు. నలభై మూడు డిగ్రీల్లో మూడు రోజులు గాలి ఆడని గదిలో కూర్చుంటే పిశాచాలు వచ్చేదాకా మనం ఉంటామా అని ఎవరో గొణిగారు. వారిని అల్పవిశ్వాసుల్లో జమ కట్టారు. తెల్లవారుజామున పాలాయన తలుపు కొడితే తీయవచ్చునా అన్నదానిపై అరగంట చర్చ. కొట్టింది పాలాయనే అని ఎలా నమ్మడం? పిశాచం పాలాయన గొంతుతో పిలిస్తే? గొంతు నమ్మవద్దు, జపమాలలో ధ్యానించే రహస్యాలు అయిదూ వరసగా చెప్పించుకుని తీయాలన్నారు పండితులు. మా పాలాయన ఖాదర్. ఆయన ఏ రహస్యాలు చెప్పాలి? అప్పటిదాకా మూలన కూర్చున్న ఒక ముసలమ్మ లేచింది. "నాయనా, ఆ మూడు రోజుల్లోనే కొళాయి వస్తే?" అంది. గది నిశ్శబ్దమైపోయింది. రోజు విడిచి రోజు నీళ్ళు వచ్చే ఊళ్ళో ఇంతకంటే గడ్డు వేదాంత ప్రశ్న లేదు. అగస్టీన్, అక్వినాస్ అనే మహా వేదాంతులిద్దరినీ తెచ్చి కూర్చోబెట్టినా బిందెలు ఎవరు పట్టాలో చెప్పలేరు.

పెట్టెలు రేకుల గదిలో అటక ఎక్కాయి. నెలాఖరుకు దించి చూస్తే ఒత్తులన్నీ నడుములు వంగి, ఒకదాని మెడలో ఒకటి పడి, ఒక్క ముద్దగా ఉన్నాయి. తేనెమైనం కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి. తెచ్చింది ఏ రకం మైనమో ఏ సైన్సు ప్రయోగశాలా అక్కరలేకుండా కర్నూలు ఎండ తేల్చిపెట్టింది.

అయినా చీకటి గురించి ఎవరికి చెబుతారండీ? 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్ళోకి వచ్చినప్పుడు కర్నూలు చీకట్లోనే ఉంది. ఆ రాత్రి కిటికీలు బిగించుకుని కూర్చున్నవారి వల్ల ఎవరూ బతకలేదు. మేడమీదినుంచి తొంగి చూసి తాడు విసిరినవారి వల్ల బతికారు.

ఇంతకీ శ్రీసభ ఏమంటుంది? క్రీస్తు మహిమతో మళ్ళీ వస్తాడని, సజీవులకూ మృతులకూ తీర్పు తీరుస్తాడని ప్రతి ఆదివారం నిలబడి చెబుతాం. తేదీ చెప్పం, ఎందుకంటే ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని సువార్తలోనే ఉంది. "కాలాలూ సమయాలూ తెలుసుకోవడం మీ పని కాదు" అన్న ప్రభువు మాట లెక్కలు కట్టేవారందరి వేళ్ళనూ వదులు చేసి విశ్రాంతి తీసుకోమంటోందని అగస్టీన్ రాసి 1600 ఏళ్ళు అవుతోంది. మా పండితుల వేళ్ళు మాత్రం ఇంకా కణుపుల మీదే ఉన్నాయి. యోహాను దర్శనాల్లోని క్రీస్తు వెయ్యేండ్ల పాలన అంటే భవిష్యత్తులో రాబోయే రాజ్యం కాదు, ఇప్పుడు నడుస్తున్న శ్రీసభ కాలమే అన్నదీ ఆ అగస్టీనే. క్రీస్తు విరోధి ఫలానా రోజున వస్తాడని, తీర్పు ఫలానా ఏట జరుగుతుందని బోధకులు ప్రకటించకూడదని ఐదవ లాటరన్ మహాసభ 1516 డిసెంబరు 19న నిషేధం పెట్టింది. ఆనాటికే వేపచెట్ల కింద పీఠాలు వెలిశాయన్నమాట. ప్రభువు భూమి మీద కూర్చుని వెయ్యేళ్ళు ఏలుతాడనే వాదం, ఎంత మెత్తబరిచి చెప్పినా సరే, బోధించడం క్షేమం కాదని 1944లో రోము మళ్ళీ చెప్పింది.

పోనీ వీరు చెప్పేది మన సొంత సరుకైనా కాదు. విశ్వాసులు ఉన్నట్టుండి మేఘాల్లోకి ఎత్తబడతారు, మిగిలినవారు ఏడేళ్ళ శ్రమల్లో పడతారు అన్న పటం 1830లలో జాన్ నెల్సన్ డార్బీ అనే ప్రొటెస్టంటు బోధకుడు గీసింది, 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు పుటల అడుగున అచ్చయిన వివరణలు ఊరూరా మోసుకెళ్ళింది. పౌలు థెస్సలొనీకయ వారికి రాసిన ఆ మేఘాల మాటలను మనం చావు పూజలో చదువుకుంటాం, ఏడ్చేవారిని ఓదార్చడానికి. దర్శనాల్లోని మృగం అంకె 666 అంటారా, "నీరో కైసరు" అన్న పేరును హీబ్రూ అక్షరాల్లో రాసి కూడితే ఆ అంకె వస్తుంది. ఆ చక్రవర్తి రోములో క్రైస్తవులను చంపించినవాడు. పండితులకు ఈ సంగతి రుచించదు, ఎందుకంటే నీరో చచ్చిపోయాడు. వారికి బతికున్న మృగం కావాలి. ఆధార్ వచ్చిన కొత్తలో అదే మృగపు ముద్ర అన్నారు. గ్యాసు సబ్సిడీకి అది కావాలనగానే మా వీధిలో అందరికంటే ముందు వేలిముద్ర వేసి వచ్చింది వారే.

మన జిల్లాల్లో ఈ రంగంలో పోటీ తక్కువేమీ కాదు. బనగానపల్లెలో కాలజ్ఞానం, కందిమల్లాయపల్లెలో మఠం, యాగంటిలో కలియుగాంతాన రంకె వేయడానికి పెరుగుతున్న బసవన్న. ఏది జరిగినా జరిగాక "బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు" అనుకోవడం మనకు తాతల నాటి అలవాటు. మా పండితులు ఆ అలవాటుకే సిలువ గుర్తు వేసి గుడిలోకి తెచ్చారు.

పునీతులే ఈ గుంటలో పడ్డారు, వీరెంత? డొమినికన్ సన్యాసి పునీత విన్సెంట్ ఫెర్రర్ ఐరోపా అంతా తిరిగి తీర్పు దగ్గరపడిందని బోధించాడు. క్రీస్తు విరోధి అప్పటికే పుట్టేశాడని 1412లో ఉత్తరం కూడా రాశాడు. ఆ విరోధి ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. ఆయన పేరే పెట్టుకున్న ఇంకొక స్పెయిన్ దేశస్థుడు, ఒకప్పటి జెస్విట్ గురువు విన్సెంట్ ఫెర్రర్, 1969లో అనంతపురం వచ్చాడు. ప్రపంచం అంతమైపోయినట్టే కనిపించే కరువు నేల చూశాడు. లెక్క కట్టాడు, కాకపోతే చెక్‌డ్యాములకు, ఇళ్ళకు, బడులకు, బత్తలపల్లి ఆసుపత్రికి కట్టాడు. అనంతపురం పల్లెల్లో ఆయన ఫోటోకు దండ వేసేవారిలో ఎంతమంది క్రైస్తవులో ఎవరూ లెక్కపెట్టరు.

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. అప్పటి కడప జిల్లా, రాజంపేట దగ్గర. కార్తీక పౌర్ణమి. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్ళ మీదికి నీరు వచ్చింది. ఆ మరుసటి వారం ఆదివారం, 28న, క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమన కాలం మొదలు. ఆ రోజు పఠనం లూకా సువార్త 21వ అధ్యాయం, సముద్ర తరంగాల ఘోషకు జనాంగాలు కలవరపడతాయన్న భాగం. పండితులు వేపచెట్టు కింద నోటుబుక్కు విప్పి "చూశారా, వాక్యం నెరవేరింది" అన్నారు. ముఖంలో సంతోషం. నిజంగా సంతోషం!

ఏమి నెరవేరిందయ్యా? ఆ ప్రాజెక్టులో వరద నీరు వదిలే స్పిల్‌వే గేట్లు అయిదు. అందులో ఒకటి తెరుచుకోలేదని కేంద్ర జలశక్తి మంత్రి పార్లమెంటులో చెప్పారు. ఏ దేవదూత పట్టుకుంటే ఆగింది ఆ గేటు? ఎన్నో బూర ఊదితే ఆగింది? పదుల మంది కొట్టుకుపోయారు. ఆ గేటుకు నూనె పెట్టవలసిన మనుషులున్నారు, నిధులివ్వవలసిన కార్యాలయాలున్నాయి, సంతకాలు చేయవలసిన కలాలున్నాయి. వాళ్ళందరికీ నువ్వు యోహాను పేరు మీద క్షమాపణ పత్రం రాసిచ్చావు. శవం దొరకని తల్లి దగ్గరికి వెళ్ళి ఇది సూచన అని చెప్పగలవా? సిగ్గుండాలి.

యోహాను దర్శనాల ఆరో అధ్యాయంలో త్రాసు పట్టుకుని నల్ల గుర్రం మీద వచ్చేవాడిని వీరు ఎప్పుడూ వివరించరు. ఒక రోజు కూలికి ఒక సేరు గోధుమలు, నూనె, ద్రాక్షారసాల జోలికి మాత్రం పోవద్దు అని అక్కడ ఒక స్వరం పలుకుతుంది. కూలివాడి గింజలకు ధర మండుతుంది, ఉన్నవాడి పానీయానికి ఢోకా ఉండదు. పత్మాసు ద్వీపంలో ప్రవాసి అయిన యోహానుకు ధరవరలు తెలుసు. 1877లో, ధాత కరువు రోజుల్లో, సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువు పనుల దగ్గర మా తాతముత్తాతల కూలిని రోజుకు ఒక పౌను గింజలు, పైన కొద్దిపాటి డబ్బుకు తగ్గించాడు. ఆ నోటుబుక్కులో టెంపుల్ పేరు ఏ సిరాతోనూ లేదు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆనకట్టకు అప్పటికి డెబ్బై ఏళ్ళు దాటాయి. కన్నయ్య నాయుడు అనే పెద్ద వయసు ఇంజనీరు, ఆయన వెంట పనివాళ్ళు, ఉరకలు వేసే నీటిలోనే ఇనుప స్టాప్‌లాగులు, అంటే అడ్డుపలకలు, దించి వారంలో అడ్డుకట్ట వేశారు. మా పండితులు కనిపెట్టింది ఏమిటంటే ఆ డ్యాంకు గేట్లు 33, ప్రభువు ఈ లోకంలో గడిపిన ఏళ్ళూ 33. 19కి అర్థం ఇంకా తేలలేదట. "గొలుసు తెగడం కూడా ఒక సూచనే, గమనించండి" అన్నారు.

సూచనే సార్. డెబ్బై ఏళ్ళ గొలుసు మార్చమన్న సూచన. అప్పటికి ఇంకా 32 ఉన్నాయి.